పనిచేసే చేతికే మైకు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

చేనేత ఊళ్లను, కోటలను పర్యాటక కేంద్రాలుగా తీర్చిదిద్దుతామని మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. ఎక్కడున్నా పొద్దున్నే తెలుగు పేపరు చూడనిదే నాకు తోచదు, కాబట్టి అవన్నీ చదువుతూనే ఉన్నాను. రోడ్డు వేస్తారు, లైట్లు పెడతారు, ఫుడ్ కోర్టు కడతారు, ఫొటోలు దిగడానికి పెద్ద పెద్ద అక్షరాలతో ఊరి పేరు నిలబెడతారు. అక్కడికి వచ్చిన మనిషితో ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు అన్నది మాత్రం ఏ వార్తలోనూ కనిపించదు. ఆ ఒక్క సంగతి గురించే ఈ ఉత్తరం. పొడుగైంది గానీ, దయచేసి కోయకుండా వేయండి.

మాది కృష్ణా జిల్లా పెడన. మా మేనమామ కలంకారీ అద్దకం షెడ్డులో బతుకంతా పనిచేశారు. నేను చరిత్రలో ఎం.ఏ. చదివి, పెళ్లయ్యాక అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వచ్చాను. గ్రీన్ కార్డు చేతికొచ్చి, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, మొన్న వేసవంతా ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్‌లో ఉద్యోగం చేశాను. అది ఊరి రూపంలో ఉన్న మ్యూజియం. దాదాపు 200 ఎకరాల్లో 40 దాకా పాత కట్టడాలు, 1830ల నాటి న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాలు) పల్లె ఎలా ఉండేదో అలా ఉంటుంది. పక్క ఊళ్లో కళ్లద్దాల ఫ్యాక్టరీ నడిపిన వెల్స్ కుటుంబం సేకరించిన పాత సామాన్లతో మొదలై 1946లో జనానికి తెరిచారు. దుకాణాన్ని వెర్మాంట్ నుంచి, బడిని న్యూహాంప్‌షైర్ నుంచి, కమ్మరి కొలిమిని బోల్టన్ అనే ఊరి నుంచి విప్పి తెచ్చి మళ్లీ ఇక్కడ నిలబెట్టారు. ఇలాంటి ఆలోచన అమెరికావాళ్లది కూడా కాదు. 1891లోనే ఆర్తూర్ హజేలియస్ అనే ఆయన స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో స్కాన్సెన్ పేరుతో మొదలుపెట్టారు.

నా ఉద్యోగం ఏమిటంటే, ఆ కాలపు బట్టలు కట్టుకుని, ఆ కాలపు పని నిజంగా చేస్తూ, వచ్చినవాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పడం. నటన కాదు. గైడు పనీ కాదు. గైడు మనల్ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి తిప్పుతూ తను బట్టీపట్టింది చెబుతాడు. ఇక్కడ నేను కదలను, పని ఆపను, జనమే నా దగ్గరికి వస్తారు. వాళ్లు ఏది అడిగితే మాట అటు పోతుంది.

ముందు బట్టల సంగతి. లోపల షిఫ్టు అనే తెల్లటి నూలు పొడుగు చొక్కా, దాని మీద నడుము బిగించే కోర్సెట్, లంగాలు, పొడుగు చేతుల గౌను, ఏప్రన్, జుట్టు కనపడకుండా టోపీ. వాచీ ఉండకూడదు, నెయిల్ పాలిష్ ఉండకూడదు, ఫోను బయటికి తీయకూడదు. ముక్కుపుడక తీసి ఇంట్లో పెట్టాను. నల్లపూసలు గౌను మెడ లోపలికి, మెట్టెలు మేజోళ్ల లోపలికి పోయాయి. జులై ఎండలో, మండే పొయ్యి ముందు ఇన్ని బట్టలతో నిలబడితే వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: మీకు ఉక్కపోయడం లేదా? రెండోది: ఆ నిప్పు నిజమైనదేనా? చాలామందికి ఈ ప్రశ్నలంటే విసుగు. నాకెప్పుడూ విసుగు రాలేదు. ఉక్కపోస్తుందని నిజం చెబితే మనిషి వెంటనే దగ్గరికొస్తాడు. ఆ కాలపు ఆడవాళ్లు వేసవిలో తెల్లవారుజామునే బరువు పనులన్నీ ఎందుకు ముగించుకునేవారో అప్పుడు చెబితే చెవికెక్కుతుంది. నిప్పు నిజమేనా అని అడిగిన పిల్లవాడు నిప్పును టీవీలో తప్ప చూడని పిల్లవాడు కావచ్చు. వాడికి చీల్చిన కట్టెకీ మొద్దు కట్టెకీ మంటలో తేడా చూపిస్తే అరగంట కదలడు.

నా పని ఎక్కువగా వంటింట్లో. పొయ్యి పక్క గోడలోనే ఇటుకలతో కట్టిన గూడు ఉంటుంది, రొట్టెలు కాల్చడానికి. అందులో సన్నగా చీల్చిన కట్టెలు పేర్చి రెండు గంటల పాటు మండించాలి. లోపలి ఇటుకలు మొదట మసిబారి నల్లగా అవుతాయి. వేడి ముదిరేకొద్దీ ఆ మసి కూడా కాలిపోయి ఇటుక మళ్లీ తేటగా బయటపడుతుంది. అది చూసి నిప్పులన్నీ బయటికి లాగేసి, బూడిద ఊడ్చి, చెయ్యి లోపల పెట్టి అంకెలు లెక్కపెట్టాలి. ఎంతవరకూ చెయ్యి ఓర్చుకుంటుందో దాన్నిబట్టి వేడి తెలుస్తుంది. థర్మామీటరు లేదు, టైమరు లేదు. మొదట రొట్టెలు, ఆ తర్వాత పైలు (లోపల పూర్ణం పెట్టి కాల్చేవి), వేడి తగ్గాక కస్టర్డు, అన్నిటికన్నా ఆఖర్న రాత్రంతా మగ్గాల్సిన చిక్కుడు గింజల కుండ. ఒకసారి రాజేసిన వేడిని చివరి సెగ దాకా వాడుకోవడమే ఆ ఇంటి ఇల్లాలి నేర్పు. నాకు ఇది నేర్పిన పెద్దావిడ పుస్తకం ముట్టుకోనివ్వలేదు. గూడులో చెయ్యి పెట్టి చూడు, పెట్టి చూడు అంటూనే నేర్పింది.

రొట్టె సంగతి కొంచెం చెప్పాలి. అక్కడి పల్లె రొట్టె గోధుమ పిండిది కాదు. రై అనే ధాన్యం పిండి, మొక్కజొన్న పిండి కలిపి చేసేది, బరువుగా ముదురు రంగులో ఉంటుంది. గోధుమ ఎందుకు వాడలేదని అడుగుతారు. న్యూ ఇంగ్లండ్ రాళ్ల నేలల్లో గోధుమకు తెగులు పట్టి సరిగా పండేది కాదు. 1825లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ కాలువ తవ్వడం పూర్తయ్యాక పడమటి ప్రాంతాల గోధుమ పిండి పడవల మీద చవకగా రావడం మొదలైంది. దాంతో ఇక్కడి రైతు ధాన్యం మానేసి పాలు, వెన్న, జున్ను వైపు మళ్లాడు. కొడుకులు కొందరు పడమటికి వలసపోయారు, కూతుళ్లు కొందరు బట్టల మిల్లులకు పోయారు. ఒక రొట్టె ముక్క దగ్గర మొదలైన మాట అక్కడిదాకా వెళుతుంది. కాలువ వస్తే ఊరి తిండి, ఊరి మనుషులు ఎలా మారిపోతారో మా కృష్ణా డెల్టా వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మాకు 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. ఆ సంగతి మన పిల్లలకు పాఠంలో ఒక వాక్యం. అదే ఒక వంటింట్లో కూర్చోబెట్టి, కాలువకు ముందు తిన్న జొన్న సంకటి ఒక పక్క, కాలువ తర్వాత వచ్చిన వరి అన్నం ఒక పక్క వండి చూపిస్తే వాళ్లు జన్మలో మర్చిపోరు.

అన్నట్టు, మేం వండింది వచ్చినవాళ్లకు పెట్టడానికి వీల్లేదు, ఆరోగ్య నిబంధనలు ఒప్పుకోవు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి ఎంగిలి పడమని అనకుండా ఉండడం నాకు వేసవి చివరిదాకా కష్టంగానే ఉంది.

ఇలాంటి చోట్ల రెండు పద్ధతులు ఉన్నాయి. ఇదే రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ప్లిమత్ పటక్సెట్ అనే మ్యూజియం ఉంది. అక్కడి ఇంగ్లిషు పల్లెలో పనిచేసేవాళ్లు 1620ల నాటి వలసదారుల్లాగే మాట్లాడతారు. మీరు ఫోను చూపిస్తే అదేమిటో తెలియనట్టే ఉంటారు. స్టర్‌బ్రిడ్జ్‌లో అలా కాదు. బట్టలు పాతవి, పని పాతది, మాట మాత్రం ఈనాటిది. ఆ కాలంలో ఇలా చేసేవారు అని చెబుతాం. ఆ ప్లిమత్‌లోనే, పల్లెకు కాస్త దూరంలో ఆ నేల అసలు వారసులైన వాంపనోగ్ జనం ఉండే చోటు ఉంది. వాళ్లు పూర్వీకుల బట్టలు కట్టుకుని, మొద్దును నిప్పుతో కాల్చి తొలుస్తూ పడవ చేసి చూపిస్తారు, కానీ పాత్ర వేయరు. తమ పేరుతో, తమ గొంతుతో, ఈ రోజు మనుషులుగానే మాట్లాడతారు. ఎందుకంటే వాళ్లు గతం కాదు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నేను వెళ్లి చూసినప్పుడు నా గుండెకు గట్టిగా తగిలింది ఇదే. మన చేతివృత్తులవాళ్ల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ చోటే గుర్తొస్తుంది.

నాలాంటి మొహం ఆ టోపీ కింద కనిపిస్తే కొందరు ఆగిపోయేవారు. మర్యాదగా అడిగేవాళ్లు కొందరు, మొహమాటపడి అడగలేనివాళ్లు కొందరు. ఆ రోజుల్లో ఇక్కడ మీలాంటివాళ్లు ఉండేవారా? చాలా మంచి ప్రశ్న. ఇదే మసాచుసెట్స్‌లోని సేలం రేవులో విలియం బెంట్లీ అనే పాస్టరు డైరీ రాసేవారు. 1790 డిసెంబరులో ఆయన మద్రాసు నుంచి వచ్చిన మనిషిని మొదటిసారి చూశానని అందులో రాసుకున్నారు. నల్లటి మేని ఛాయ, పొడుగు జుట్టు, మెత్తని ముఖం, మంచి ఎత్తు. పేరు రాయలేదు. సేలం ఓడలు మన తీరానికి వచ్చేవి, గుడ్డలు పట్టుకుపోయేవి. 1799లో ఆ కెప్టెన్లంతా ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఇవన్నీ చెప్పి, ఇక్కడి చెరువుల మంచు కూడా మా దేశం వచ్చింది తెలుసా అని అడిగేదాన్ని. 1833లో బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బయల్దేరి నాలుగు నెలల తర్వాత కలకత్తా చేరితే, ఇంకా 100 టన్నుల దాకా కరగకుండా మిగిలింది. మద్రాసు సముద్రం ఒడ్డున ఆ మంచు దాచిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది, తర్వాత్తర్వాత వివేకానందుడు బస చేసిన ఇల్లు అదే. అప్పుడు వాళ్ల ముఖంలో మార్పు చూడాలి. నేను వాళ్ల ఊరికి వచ్చిన పరాయి మనిషిని కాకుండా పోయేదాన్ని.

ఇక నా గౌను. లేత ఎరుపు నేల మీద చిన్న చిన్న పూలు, తీగలు. మొదటిరోజు అది చేతిలో పెట్టగానే నాకు నోట మాట రాలేదు. అచ్చం మా పెడన అచ్చు. అయితే అది పెడనది కాదు. 1830ల నాటికి ఇలాంటి పూల గుడ్డను లోవెల్ పట్టణంలోని మెర్రిమాక్ మిల్లు రాగి రోలర్ల మీద వేల గజాలు అచ్చు వేస్తోంది. అంతకు రెండు వందల ఏళ్ల ముందు నుంచే మచిలీపట్నం రేవు నుంచి డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు మన అద్దకం గుడ్డలు ఓడలకెత్తారు. ఉతికినా రంగు పోని అద్దకం నూలు గుడ్డను యూరప్ అంతకుముందు పెద్దగా చూడలేదు. జనం ఎగబడేసరికి అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ మళ్లీ 1721లోనూ నిషేధాలు పెట్టాయి. అమెరికా 1816లో ఇంకో దారి వెతికింది. చదరపు గజం గుడ్డ ఎంత చవకదైనా సరే 25 సెంట్ల ఖరీదు చేస్తుందని లెక్కగట్టి, దాని మీద 25 శాతం సుంకం వేయాలని చట్టం చేసింది. అంటే గజానికి ఆరు సెంట్లకు పైనే. మన దేశపు ముతక గుడ్డ అసలు ధరే కొన్ని సెంట్లు. ఆ సుంకంతో ఇక ఇక్కడి బజారులో దానికి చోటు లేకుండా పోయింది. ఆ చట్టం కోసం వాషింగ్టన్ వెళ్లి నాయకులను ఒప్పించినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్, ఆ పట్టణానికి పెట్టింది ఆయన పేరే.

ఈ కథ నేను చదువుకున్నదే. కానీ ఆ గుడ్డ ఒంటి మీద వేసుకుని, ఆ గుడ్డ తయారైన రాష్ట్రంలో నిలబడి, ఆ ఊరివాళ్లకే చెప్పడం వేరు. ఒక్కరు కూడా నొచ్చుకోలేదు. ఒకాయన, లోవెల్ మిల్లులో వాళ్ల ముత్తవ్వ పనిచేసిందట, మళ్లీ వచ్చేవారం భార్యను తీసుకొచ్చి నాతో ఇదంతా మొదటినుంచి చెప్పించారు. అప్పుడు ఆయన తన వంతు చెప్పారు. 1834లో, 1836లో ఆ మిల్లుల్లో ఆడపిల్లలు కూలి తగ్గించినందుకు, బస ఖర్చు పెంచినందుకు పని ఆపి వీధుల్లోకి వచ్చారు, మా ఇంట్లో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు అన్నారు. మా మేనమామ కూలి పెంచమని అడిగిన రోజు సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నేను అదీ చెప్పాను.

ఇంకో రోజు ఒక నల్లజాతి పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది. చుట్టూ చూసి, మేమైతే ఈ ఊళ్లో ఎక్కడ ఉండేవాళ్లం అని నన్నే అడిగింది. దాటవేయడానికి వీల్లేని ప్రశ్న. మసాచుసెట్స్‌లో 1783 నాటికే కోర్టు తీర్పులతో బానిసత్వం పోయింది, ఇలాంటి పల్లెల్లో స్వేచ్ఛగా బతికిన నల్లజాతి కుటుంబాలు కొద్దిగా ఉండేవి, పొలాల్లో, ఇళ్లలో కూలికి పనిచేసేవారు. కానీ ఈ గౌను పత్తి ఎక్కడిది? దక్షిణాది బానిసలు ఏరిన పత్తి. దుకాణంలో ఆ మొలాసిస్ పీపా ఎక్కడిది? వెస్టిండీస్ చెరకు తోటలది. మీవాళ్లు ఈ ఊళ్లో తక్కువమంది, కానీ ఈ ఊరి ప్రతి వస్తువులోనూ ఉన్నారు అని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మనవడితో, విన్నావుగా అంది, అంతే. ఆ ప్రాంతం అసలు నిప్ముక్ అనే ఆదివాసీ జనానిది. 1830ల్లో కూడా నిప్ముక్ ఆడవాళ్లు చెక్క పేళ్లతో బుట్టలు అల్లి ఇంటింటికీ తిరిగి అమ్ముకునేవారు. వంటింట్లో గుడ్లు పెట్టిన బుట్ట చూపిస్తే ఆ మాట కూడా వచ్చేది. ఏదీ దాచమని నాకెవరూ చెప్పలేదు. ఇదే చెప్పాలని స్క్రిప్టు కూడా ఇవ్వలేదు. సీజన్ మొదట్లో ట్రైనింగ్ ఇచ్చారు, చదవమని బోలెడు కాగితాలు ఇచ్చారు, ఆ తర్వాత నా నోటిని నమ్మారు.

జులై 4న అక్కడే కొత్తగా అమెరికా పౌరులయ్యేవాళ్ల చేత ప్రమాణం చేయించారు. అది అయ్యాక ఒక తెలుగు కుటుంబం మా వంటింట్లోకి వచ్చింది. వెనకాల నేత చీరలో ఒక మామ్మగారు. నన్ను ఎగాదిగా చూసి, “ఏమ్మా, మన అమ్మాయివేనా?” అన్నారు. “అవునండీ మామ్మగారూ, మాది పెడన” అన్నాను. ఇక ఆవిడ ఆగలేదు. పొయ్యి దగ్గరికొచ్చి, పాలు ఇలా మంట మీద కాస్తారా ఎక్కడైనా, దాలిలో పెట్టాలి గానీ అన్నారు. గోతిలో పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, పైన పాలకుండ పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి కాగి మీగడ ఎర్రగా ఎలా కడుతుందో చేతులతో చూపిస్తూ చెబుతున్నారు, నేను ఇంగ్లిషులో చెబుతున్నాను. గది నిండిపోయింది. ఒకరు పిడకలు ఎలా చేస్తారని, ఒకరు పాలకు పొగ వాసన రాదా అని అడుగుతున్నారు. ఆవిడకు ఇంగ్లిషు ఒక్క ముక్క రాదు, ఎవరికీ జంకలేదు. మనవరాలు కాలేజీలో చదువుతోంది, నోరు తెరుచుకుని వింటోంది. ఇది నాకెప్పుడూ చెప్పలేదేం అమ్మమ్మా అంది. నువ్వెప్పుడు అడిగావే అన్నారావిడ.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను.

పోయిన సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ఒక నగరంలో హస్తకళల మేళాకు వెళ్లాను. స్టేజీ పక్కన చాప మీద మా వైపు అద్దకం పనిచేసే పెద్దాయన తల వంచుకుని అచ్చు వేస్తున్నారు. ఆయన వెనక ఒక యాంకరమ్మాయి మైకులో వేల ఏళ్ల నాటి కళ, సహజ రంగులు, మన సంస్కృతి అంటూ చెబుతోంది. పెద్దాయన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఒక పిల్లాడు వంగి చూడబోతే వాలంటీరు వెనక్కి లాగాడు. కార్యక్రమం అయ్యాక నేను పక్కన కూర్చుని, ఏం బాబాయ్ గారూ, కరక్కాయ ఎక్కడి నుంచి తెస్తున్నారు అన్నాను. తల ఎత్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి కసిమి అనే నల్ల రంగు ఊరబెట్టడం దగ్గర మొదలుపెట్టి, పటిక మోతాదు ఎక్కువైతే ఎరుపు ఎలా తిరుగుతుందో, జాజి ఆకు దొరకడం ఎంత కష్టమైందో, కాలువలో పారే నీళ్లు లేకపోతే రంగు ఎందుకు తేలదో, స్క్రీన్ ప్రింటు వేసి కలంకారీ పేరుతో అమ్మేవాళ్ల ముందు తన గుడ్డ ఎందుకు నిలవడం లేదో, అన్నీ చెప్పారు. మేళా లైట్లు ఆర్పేదాకా చెప్పారు. ఆ యాంకరమ్మాయి తప్పేం లేదు, ఆమెకు రాసిచ్చింది ఆమె చదివింది. కానీ ఆ మైకు ఎవరి చేతిలో ఉండాలి?

మా మేనమామ ఇచ్చిన టేకు అచ్చు ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని స్టర్‌బ్రిడ్జ్ తీసుకెళ్లి, పీపాలు చేసే ఆయనకు చూపించాను. ఆయన దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, పువ్వు మధ్యలో వెనకదాకా తొలిచిన చిన్న బెజ్జాలు చూసి, ఇవి గాలి పోవడానికి కదా అన్నారు. అవును. అద్దేటప్పుడు లోపల గాలి చిక్కుకుంటే రంగు సరిగా పడదు. పెడన గురించి ఆయన ఎప్పుడూ వినలేదు. చెక్కతో బతికే మనిషి కనక చెక్కను చూసి చెప్పేశారు. అలాంటి మాట పనిచేసేవాడి నోటే వస్తుంది, ఎంత చదువుకున్నా నా నోట రాదు.

గోల్కొండకు వెళితే ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన బాలా హిస్సార్‌లో వినపడుతుందని చెబుతారు. అరవై ఏళ్ల క్రితం మా నాన్నగారికి చెప్పిందీ అదే, నా పిల్లలకు చెప్పిందీ అదే. అదే కోటలో నీళ్లను అంచెలంచెలుగా రాట్నాల చక్రాలతో పైకి తోడి, మట్టి గొట్టాల్లోంచి అంతఃపురాల దాకా పారించారు. ఒక్క అంచె, ఒక్క చక్రం మళ్లీ కట్టి, ఎద్దులతోనో మనుషులతోనో తోడి చూపించవచ్చు. ఆ నీళ్లు తోడిన మనుషులెవరు, వాళ్లు కోటలో ఎక్కడ పడుకునేవారు అన్న ప్రశ్న అప్పుడు పిల్లలే అడుగుతారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ ముళ్ల మధ్య నుంచి వచ్చిన దూదితోనే అంత సన్న నూలు తీస్తారు. ప్రపంచంలో ఏ మ్యూజియమైనా ఆ ఒక్క దవడ ఎముకను కళ్లకద్దుకుని గాజు పెట్టెలో పెట్టుకుంటుంది. మనకు ఆ ఎముక పట్టుకున్న చెయ్యి కూడా ఉంది, మాట్లాడే నోరూ ఉంది. వాళ్లకు కూలి నూలు చిలప లెక్కన తప్ప, చెప్పినందుకు ఇచ్చేవారు లేరు. పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు ఇచ్చింది, సంతోషం. అక్కడికి బస్సుల్లో వచ్చేవాళ్లతో మాట్లాడే నేతన్నకు ఆ పూట మగ్గం ఆగిపోయిన నష్టం ఎవరు భరిస్తున్నారు?

నేను అడిగేది భవనాలు కాదు. చెప్పడం కూడా పనే, దానికి జీతం ఇవ్వండి అంటున్నాను. చేతివృత్తులవాళ్లకు సీజనుకు నెల జీతం మీద ఉద్యోగం ఇవ్వండి. సన్మానం వద్దు, శాలువా వద్దు, జీతం ఇవ్వండి. పాతకాలం పాత్ర వేయించవద్దు, తలపాగా చుట్టి బొమ్మలా కూర్చోబెట్టవద్దు. పల్లె వాతావరణం అని పేరు పెట్టి బఫే భోజనం పక్కన కుమ్మరి చక్రం తిప్పించే రిసార్టులు చూస్తే నాకు కడుపు మండుతుంది. పనిచేసే మనిషి తన పేరుతో, తన యాసలో మాట్లాడాలి. కులం సంగతి వస్తే కులం సంగతి చెప్పాలి. అప్పుల సంగతి, పెట్టుబడిదారు ఇచ్చే కూలి సంగతి, మగ్గం అమ్ముకున్న ఇంటి సంగతి చెప్పాలి. టూరిస్టులకు బాగుండదని ఎవరూ నోరు నొక్కకూడదు. స్టర్‌బ్రిడ్జ్‌లో బానిసల పత్తి గురించి చెప్పినందుకు ఒక్కరు కూడా టికెట్ డబ్బులు వెనక్కి అడగలేదు. ఇలాంటి పనులకు అమెరికాలో కూడా జీతాలు గొప్పగా ఉండవు, అది నాకు తెలుసు. కానీ అది జీతం. నెలాఖరుకు చెక్కు వస్తుంది, చేసిన పనికి ఉద్యోగమనే గౌరవం ఉంటుంది.

పెడనలో మూతపడిన అద్దకం షెడ్డు ఒక్కటి చాలు మొదలుపెట్టడానికి. పొద్దున కరక్కాయ నీళ్లలో గుడ్డ ముంచడం, ఎండకాచాక బల్ల మీద అచ్చు, మధ్యాహ్నం రాగి కాగులో ఉడకబెట్టడం, సాయంత్రం కాలువలో జాడింపు. ఒక్క రోజులో అంతా అవదు, అందుకే ఒక్కో గుడ్డ ఒక్కో దశలో ఉండాలి, ఎప్పుడు వచ్చినవాళ్లకు అప్పటి పని కనిపించాలి. మా మేనమామ ఈడువాళ్లు డెబ్బై దాటినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. నిలబడి అచ్చు వేసే ఓపిక కొందరికి లేదు, చెప్పే ఓపిక అందరికీ ఉంది. వేసవి సెలవుల్లో ఇద్దరు ముగ్గురు డిగ్రీ పిల్లలను వాళ్లకు జతచేయండి. ఆ పిల్లలు పని నేర్చుకుంటారు, ఇంగ్లిషులోనో హిందీలోనో అడిగినవాళ్లకు పెద్దల మాట అందిస్తారు. బడి పిల్లలు వస్తే తలా ఒక అచ్చు ఇచ్చి చిన్న గుడ్డ ముక్క మీద కొట్టించండి, చేతులకు కసిమి అంటుకుంటే అంటుకోనివ్వండి.

వచ్చే సంక్రాంతికి నేను ఊళ్లో ఉంటాను, నెలకు పైనే ఉంటాను. ఏ అధికారి అయినా, కాలేజీ అయినా, సహకార సంఘమైనా దీనికి ముందుకొస్తే మీ పత్రిక ద్వారా నాకు కబురు చేయండి. ఆ డిగ్రీ పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చే పని నేను చేస్తాను, రూపాయి తీసుకోను. పెద్దలకు మాత్రం మొదటి రోజు నుంచే జీతం ఇవ్వాలి.

ఇట్లు,
పెడన ఆడపడుచు,
వుస్టర్, మసాచుసెట్స్